ప్లాట్‌ఫారమే ఇల్లయిన చోట కెమెరా

ఆగస్టు వచ్చిందంటే చెన్నైలో కెమెరాలకు పండగ. 19న ప్రపంచ ఛాయాచిత్ర దినోత్సవం, 22న మద్రాసు దినోత్సవం వెంటవెంటనే రావడంతో జార్జ్ టౌన్ సందుల్లో, మైలాపూరు కోనేటి గట్టున, కాసిమేడు రేవులో తెల్లవారకముందే ఫోటో వాక్‌ల గుంపులు కనిపిస్తాయి. ఊరిని కాలినడకన తిరిగి చూడాలన్న ఈ ఉత్సాహాన్ని మేము మనసారా స్వాగతిస్తున్నాము. అయితే ఆ తర్వాత ఇన్‌స్టాగ్రాంలోనూ ప్రదర్శనల్లోనూ వచ్చే చిత్రాలను వరసపెట్టి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. తీసినవారి పేరు ప్రతి చిత్రం కిందా ఉంటుంది. అందులో ఉన్న మనిషి మాత్రం ‘ఆకలి’ అనో ‘నిరీక్షణ’ అనో ఒక శీర్షికగా మిగిలిపోతాడు.

కాసిమేడులో వేలం సాగే వేళ చేపలమ్మే ఆడవాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు. గంపలు సర్దుకుంటూ, ఐసు పెట్టెలు ఈడ్చుకుంటూ ఉన్న స్త్రీ తనవైపు లెన్సు తిరిగిందని గమనించగానే చటుక్కున కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. సరిగ్గా ఆ క్షణాన్ని పట్టుకోవడమే పనితనమని మెచ్చుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. ఆమె అప్పటికే వద్దని చెప్పింది. నోటితో అనలేదు కనుక వినపడలేదని సరిపెట్టుకోవడం తీసేవారికి అనుకూలమైన చెవుడు.

బహిరంగ ప్రదేశంలో ఫోటో తీయడాన్ని మొత్తంగా నిషేధించే చట్టమేదీ మన దేశంలో లేదు. ఉండాలని మేము కోరడం కూడా లేదు. అలాంటిదే వస్తే లాఠీనీ లంచాన్నీ పట్టిచ్చే కెమెరా మీదే మొదట వేటు పడుతుంది. కానీ బహిరంగ ప్రదేశమన్న వాదన అందరికీ ఒకే తీరుగా వర్తించదు. వాల్‌టాక్స్ రోడ్డు చుట్టుపక్కల, జార్జ్ టౌన్ వీధుల్లో తరాలుగా ప్లాట్‌ఫారం మీదే, అంటే రోడ్డు పక్క కాలిబాట మీదే, కాపురముంటున్న కుటుంబాలున్నాయి. వాళ్లు పొయ్యి రాజేసేదీ, పిల్లలకు నీళ్లు పోసేదీ, రాత్రి నడుము వాల్చేదీ అక్కడే. తలుపున్న ఇంట్లో నిద్రపోయేవారి గదిలోకి కెమెరా పట్టుకుని పోవడానికి సాహసించని మనం, తలుపు లేనివారి నిద్రను మాత్రం ‘నగర జీవితం’ పేరుతో ప్రదర్శనకు పెడుతున్నాము. తన మానాన తనను వదిలేయమనే హక్కు పౌరుడికి ఉందని సుప్రీంకోర్టు 1994లో రాజగోపాల్ కేసులో చెప్పింది. అది ఈ ఊరి పత్రిక తెచ్చిన కేసే. గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 నాటి పుట్టస్వామి తీర్పు, మనిషి బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన గోప్యతను వదులుకున్నట్టు కాదని మరింత స్పష్టం చేసింది. ఆ తీర్పు ప్రధానంగా ప్రభుత్వాన్ని ఉద్దేశించిందే కావచ్చు, అందులోని తర్కం మాత్రం కెమెరా పట్టిన ప్రతివారికీ పనికొస్తుంది.

పిల్లల విషయంలో తర్కంతో కూడా పనిలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం వీధిలో బతికే పిల్లలు, బిచ్చమెత్తుతూ కనిపించే పిల్లలు సంరక్షణ అవసరమైనవారి కిందికి వస్తారు. అలాంటి పిల్లల గుర్తింపు తెలిసేలా ఫోటో ప్రచురిస్తే 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సిగ్నల్ దగ్గర కారు అద్దం తట్టే పిల్లవాడి కళ్లను దగ్గరగా తీసి పోటీకి పంపేవారికి ఈ సెక్షన్ గురించి ఎవరైనా చెప్పారా అన్నది మా సందేహం.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. 1876-78 నాటి ధాత కరువులో బళ్లారి, కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలు అల్లాడినప్పుడు మద్రాసు సైన్యంలోని అధికారి విలోబీ వాలెస్ హూపర్ కరువు బాధితులను ఫోటోలు తీశాడు. ఎముకల గూళ్లయిన తల్లులనూ బిడ్డలనూ వరసగా కూర్చోబెట్టి తీసిన ఆ చిత్రాలు ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో అచ్చవుతూనే ఉన్నాయి. కరువును కాదనలేని సాక్ష్యంగా వాటి విలువ వాటికి ఉంది. అందులో మన తాతముత్తాతల ఊళ్లవారు ఎవరైనా ఉన్నారో లేదో చెప్పడానికి మాత్రం ఆధారం లేదు, ఎందుకంటే వారి పేర్లు చిత్రాలతో పాటు మనదాకా రాలేదు. పేరు అడగడం అప్పట్లో అంత కష్టమైన పనేమీ కాదు.

ఇప్పుడైతే అసలే కాదు. చెన్నైలో వీధులూడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో ఇంట తెలుగే మాట్లాడే అరుంధతీయ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. విస్‌కామ్ (విజువల్ కమ్యూనికేషన్) చదవడానికి మన జిల్లాల నుంచి ఇక్కడికొచ్చిన కుర్రవాడు పులియంతోపులో చీపురు పట్టిన పెద్దావిడను దూరం నుంచి జూమ్ చేసి తీసుకుంటాడే గానీ, దగ్గరికెళ్లి ‘పెద్దమ్మా, ఒక ఫోటో తీసుకోనా?’ అంటే ఆమె తెలుగులోనే జవాబిస్తుందని అతనికి తోచదు. మధురైకి చెందిన ఛాయాగ్రాహకుడు ఎం. పళనికుమార్ ఇదే కార్మికుల బతుకులను ఏళ్ల తరబడి చిత్రిస్తూ వచ్చారు. ఛాయాగ్రాహకురాలు దయానితా సింగ్, గ్రామీణ జీవితాన్ని నమోదు చేసే ‘పరి’ వెబ్‌సైటు పేర్ల మీద ఉన్న దయానితా సింగ్-పరి డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీ పురస్కారాన్ని 2022లో మొదటిసారి అందుకున్నది ఆయనే. శ్రామిక కుటుంబాల పిల్లల చేతికి కెమెరా ఇచ్చి నేర్పించడం కూడా ఆయన పనిలో భాగం.

ముందే అడిగితే సహజత్వం పోతుందన్న అభ్యంతరంలో కొంత నిజముంది. అలాంటప్పుడు తీసిన వెంటనే తెర మీద చూపించి, వద్దంటే అక్కడికక్కడే చెరిపేయవచ్చు. 2013 చట్టం నిషేధించిన మ్యాన్‌హోల్ పనిలోకి మనిషిని దింపుతుంటే ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా తీయాల్సిందే. కాకపోతే ఫ్రేములో ఉండాల్సింది దింపిన కాంట్రాక్టరు, అక్కడ నిలబడ్డ బండి నంబరు. బురదలోంచి పైకొచ్చిన కార్మికుడి ముఖం బయటపడితే ముందు ఊడేది అతని కూలే. ఇక 2015, 2023 డిసెంబరు వరదల్లో అన్నం పొట్లం అందుకునే చేతినీ, ఇచ్చే నాయకుడి నవ్వునూ కలిపి తీయించుకున్న చిత్రాల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

ఫోటో పోటీల దరఖాస్తుల్లో కెమెరా మోడలు, లెన్సు, షట్టర్ వేగం రాయడానికి సాధారణంగా గళ్లుంటాయి. చిత్రంలో ఉన్న వ్యక్తిని అడిగారా, ఏమన్నారు, ఒక కాపీ ఇచ్చారా అన్న మూడు ప్రశ్నలకు కూడా చోటిచ్చి, జవాబు లేని ఎంట్రీలను న్యాయనిర్ణేతల బల్ల దాకా రానివ్వకూడదని నిర్వాహకులను మేము కోరుతున్నాము. పాఠకులు మాకు పంపే ఛాయాచిత్రాలకూ ఇదే నియమం వర్తిస్తుంది.