కారు కవరు గారికి, పెరటి షెడ్డు నుంచి

మహారాజశ్రీ వెండి రంగు కారు కవరు గారి సముఖానికి,

తమరి సంరక్షణలో పన్నెండేళ్ళు గడిపిన 1975 నాటి ప్రీమియర్ పద్మిని తాలూకు కుర్రవాడు రాసుకునే విన్నపం. కుర్రవాడంటే నేనే. యాభైకి దగ్గర పడ్డాను గానీ, కారు మా నాన్నది కాబట్టి దాని దగ్గర నేనింకా కుర్రవాణ్ణే.

ఇక్కడ అందరం క్షేమం. తమరి క్షేమం అడగను. తమర్ని నా చేతులతోనే నాలుగు మడతలు వేసి కోళ్ళ గూడు మీద కప్పాను కనక, ఎక్కడున్నారో ఎలా ఉన్నారో నాకు తెలుసు.

2011 ఎండాకాలం గుర్తుందా? నాన్నకు మోకాళ్ళు పట్టేశాయి. క్లచ్ తొక్కలేనని బండిని షెడ్డులో పెట్టేశాడు. "అమ్మేయండి, చోటన్నా కలిసొస్తుంది" అంది అమ్మ. గుంటూరు నుంచి ఒకాయన వచ్చి పాతిక వేలిస్తానన్నాడు. నాన్న ఆయనకు కాఫీ ఇప్పించి పంపేశాడు. అమ్మడానికి మనసు ఒప్పలేదు, నడపడానికి కాళ్ళు ఒప్పలేదు. అప్పుడు హైదరాబాదులో ఉద్యోగం వెలగబెడుతున్న నేను రంగంలోకి దిగి పన్నెండు వందలు పెట్టి తమర్ని కొనుక్కొచ్చాను. అడుగున ఎలాస్టిక్, పైన వెండి మెరుపు. తొడిగిన రోజు నాన్న ముఖం చూసి కొడుకుగా నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. పన్నెండు వందలకు అంత బాధ్యత తీరడం చవకే.

ఆ తర్వాత ఎవరడిగినా మా జవాబు ఒకటే. "బండేం చేశారు?" "భద్రంగా ఉంది. కవరేశాం."

నెలకోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచాలని మొదట్లో అనుకున్నాం. నెలకోసారి కాస్తా పండగకోసారి అయింది. తమరి ఎలాస్టిక్ ముందూ వెనకా లాగి విప్పి, మళ్ళీ తొడిగేసరికి నడుం పట్టేస్తోందని అదీ పోయింది. ఒక వేసవిలో కరెంటు కోతలు భరించలేక బండి బ్యాటరీ తీసి ఇన్వర్టరుకు తగిలించాం. బ్యాటరీయే లేనప్పుడు ఇక స్టార్ట్ చేసేదేముంది? ప్రాణం హాయిగా ఉంది.

దసరా మాత్రం తప్పేది కాదు. ఆయుధపూజ నాడు అమ్మ పసుపు కుంకుమలతో షెడ్డులోకి వచ్చి, విప్పడం ఎందుకులే అని బొట్టు తమరి నుదుటనే పెట్టేది. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కదలని బండి నిమ్మకాయను ఎలా తొక్కుతుంది అని మాలో ఎవరికీ అనుమానం రాలేదు. మర్నాటికి కాయలు మాయం. దిష్టి పోయిందని అమ్మ సంతోషించేది. ఆ దిష్టి ఎక్కడికి పోయేదో ఇప్పుడు తెలిసింది లెండి. ఎండిన నిమ్మడిప్పలు బానెట్ కింద, ఎయిర్ ఫిల్టరు డబ్బా పక్కన దొరికాయి.

మా పిల్లి గురించి కూడా చెప్పాలి. తమరి మీద, సరిగ్గా కారు టాపు నడిమధ్యన పడుకునేది. ఎలుకలు తమరి కింద కాపురం. పైన పోలీసు, కింద దొంగ, మధ్యలో గుడ్డ ఒక్కటే అడ్డం. ఒకరి నిద్ర ఇంకొకరు చెడగొట్టకుండా అన్నేళ్ళు సర్దుకుపోయారంటే ఆ పెద్దరికం తమరిదే.

తమరు కట్టి ఇచ్చిన ఆ ఇంటికి వంక పెట్టడానికి లేదు. చీకటి, వెచ్చదనం, వాన పడదు, గద్ద కన్ను పడదు. ఆరడుగుల దూరంలో కౌలుకిచ్చిన పొలం వడ్ల బస్తాలు. మా అపార్టుమెంటులో ఇన్ని సౌకర్యాలు లేవు. గాలి ఆడని గుడ్డ కావడంతో వర్షాకాలం చెమ్మ లోపలే నిలిచి రేకును తినేసేది. ఆ పని ఎలుకలకు చేతకాదు, అది పూర్తిగా తమరి సొంతం.

2023 అక్టోబరు చివర్లో నాన్న పేపరు చదువుతూ ఆగిపోయాడు. ముంబయిలో ఆఖరి పద్మిని ట్యాక్సీకి ఇరవై ఏళ్ళ గడువు నిండిందట. 2003 అక్టోబరు 29న రిజిస్టరైన ఆ బండితో నలుపు పసుపు పద్మినిల కథ అయిపోయింది. తమరి కింద పడుకున్నదీ ముంబయి కుర్లాలో పుట్టిన పిల్లే. ఇటలీ ఫియట్ వాళ్ళ 1100 నమూనా ఇక్కడ 1974లో పద్మిని అని పేరు మార్చుకుంది. నాన్నకు మాత్రం ఈరోజుకీ అది 'ఫియట్టే'.

"మనది ఉందిగా. ఒకసారి బయటికి తియ్యరా" అన్నాడు.

తమరి అంచు ఎత్తగానే ఒక వాసన వచ్చి మా ఇద్దర్నీ గుమ్మం దాకా నెట్టింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ వెళ్ళాం. ఎడమవైపు వెనక చక్రం నాలుగంగుళాలు నేలలోకి దిగిపోయి ఉంది. కింద పందికొక్కు బొరియ. (ఇంగ్లీషువాళ్ళు బ్యాండికూట్ అనేది మన పందికొక్కునే. మన దగ్గర్నుంచి మాట పట్టుకెళ్ళి, ఆస్ట్రేలియాలో సంబంధం లేని ఇంకో జంతువుకు కూడా అదే పేరు పెట్టారు. తెలుగు ప్రపంచానికి ఏమిచ్చిందని అడిగేవాళ్ళు మా షెడ్డుకు రావచ్చు.)

తలుపు తీస్తే టాపు లైనింగు పెంటికల బరువుకు ఉయ్యాలలా వేలాడుతోంది. ముందు సీటులోని కొబ్బరి పీచంతా ఊడబెరికి డ్యాష్‌బోర్డు అరలోకి తరలించారు. ఆ గూటికి మెత్తదనం కోసం ఇన్సూరెన్స్ కాగితాలు, ఎవరిదో పెళ్ళి శుభలేఖ, అమ్మ చేతిరుమాలు వాడారు. అలంకారానికి భక్తి పాటల క్యాసెట్టు రీలు మొత్తం లాగి చుట్టూ అల్లారు. డిక్కీలో మూడు మూరల పాము కుబుసం. చీమలు పెట్టిన పుట్టలు పాములకిరవని ఊరికే అన్నారా! నాన్న కారు ఎలుకలకు ఇరవైంది, ఎలుకల కారు జెర్రిపోతుకు ఇరవైంది. ఒక్కరు కూడా నాన్నకు అద్దె ఇవ్వలేదు.

మా నాన్న తెనాలి కోర్టులో ముప్పై అయిదేళ్ళు ప్లీడరు. ఆయన్ని నవ్విద్దామని, "పన్నెండేళ్ళు అడ్డు లేకుండా అనుభవిస్తే ఆస్తి వాళ్ళదే అవుతుంది కదా నాన్నా, ఎలుకలు కేసు వేస్తే?" అన్నాను.

"అది స్థిరాస్తికిరా. కారు చరాస్తి."

"2011 నుంచి మన కారు ఎక్కడన్నా చరించిందా?"

నాన్న కాసేపు ఆలోచించాడు. "పాయింటే" అన్నాడు.

విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక పెద్దాయన్ని పిలుచుకొచ్చాం. వయసు డెబ్బై దాటింది. నేను ఉత్సాహంగా కొత్త బ్యాటరీ పట్టుకుని నిలబడితే, "బాబూ, ముందు దాన్ని ఇంట్లో పెట్టి రండి" అన్నాడు. తాళం చెవి కూడా తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. ఎందుకో తర్వాత అర్థమైంది. ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తీస్తే లోపల ఊక, పీచు, ఇంకో గూడు. స్టార్ట్ చేసి ఉంటే ఆ చెత్తంతా కార్బురేటరు దారి పట్టేది. సైలెన్సరు గొట్టాన్ని తడితే ఊక రాలింది. వైర్ల మీద ప్లాస్టిక్ తొడుగు జానెడు జానెడు కొరికేసి రాగి మెరుస్తోంది. ఆ స్థితిలో బ్యాటరీ తగిలించి ఉంటే ఈ ఉత్తరం అగ్నిమాపక కేంద్రానికి రాయాల్సి వచ్చేది.

వైర్లు ఎందుకు కొరుకుతాయన్న దాని మీద మా చుట్టాలందరూ పండితులే. "ఇప్పుడు వైర్ల తొడుగులో సోయా కలుపుతున్నారటగా, రుచికి తింటాయి" అని మా బావ. మాది 1975 బండి, దాంట్లో సోయా ఎక్కడిది బావా? ఎలుక ముందరి పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. కొరికి అరగదీసుకోకపోతే నోరు మూయలేదు. మా బావది కూడా ఇంచుమించు అదే ఇబ్బంది.

శుభ్రం చేయడానికి అమ్మ చీపురు పట్టుకొచ్చింది. ఆపాను. ఎండిన ఎలుక పెంటికల్ని పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఉచ్చ నుంచి ఎలుక జ్వరం అంటుకునే ప్రమాదం ఉంది. తలుపులన్నీ తెరిచి గాలి ఆడనిచ్చి, మాస్కు, రబ్బరు గ్లోవ్స్ వేసుకుని, బ్లీచింగు నీళ్ళు చల్లి నానబెట్టి గుడ్డతో తుడిచాం. మూడు ఆదివారాలు పట్టింది. నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని, "అక్కడ మీ చెల్లెలు చిన్నప్పుడు వాంతి చేసుకుంది, దానికీ ఇంత కష్టపడలేదు" అన్నాడు.

వాసన మాత్రం పోలేదు. కర్పూరం, కలరా ఉండలు, కాఫీ పొడి, పొగాకు కాడలు, తలా ఒక మందు చెప్పారు, అన్నీ పెట్టాం. వారం తర్వాత కారులో గుడి, బీరువా, హోటలు, చుట్ట, ఎలుక, ఈ అయిదు వాసనలూ విడివిడిగా తెలిసేవి. చివరికి సీట్లు, లైనింగు, తలుపుల అట్టలు అన్నీ పీకి అవతల పారేసి, ఫ్లోరు రేకు దాకా వెళ్తే అసలు సంగతి బయటపడింది. ఉచ్చ నిలిచిన చోటల్లా తుప్పు పట్టి రేకు అప్పడంలా ఉంది. డ్రైవరు సీటు కింద వేలు పెడితే నేల తగిలింది. టింకరింగు ఆయన తుప్పంతా కోసేసి కొత్త రేకు వెల్డింగు చేశాకే వాసన వదిలింది.

ఇంజను మాత్రం పరువు నిలబెట్టింది. నాలుగు ప్లగ్గులు విప్పి సిలిండర్లలోకి ఆయిల్ పోసి వారం రోజులు వదిలేశాడు పెద్దాయన. ఆ తర్వాత ఫ్యాను పుల్లీ పట్టుకుని చేత్తో మెల్లగా తిప్పితే కదిలింది. 1089 సీసీ ఇంజను కదిలినంత తేలిగ్గా మా నాన్న మోకాళ్ళు కదల్లేదే అని అమ్మ కళ్ళు తుడుచుకుంది. ట్యాంకులో పన్నెండేళ్ళ పెట్రోలు వార్నిష్‌లా చిక్కబడింది. కడిగాం. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు, పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవు, అవీ మార్చాం. బ్రేకు సామాను కోసం చెన్నై పుదుపేటలో రెండు రోజులు తిరిగాను. వైరింగు మొత్తం కొత్తది. ఏడాదిన్నర కాలం, రెండు లక్షల ఎనభై వేలు. నాన్న 1988లో ఆ బండిని సెకండ్‌హ్యాండులో కొన్నది యాభై రెండు వేలకి. తమరి పన్నెండు వందలు నేను ఇందులో కలపలేదు.

ఈలోగా బండికి యాభై ఏళ్ళు నిండాయి. యాభై దాటిన బండ్లను వింటేజ్ కింద రిజిస్టరు చేసుకోవచ్చని కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. నంబరు ప్లేటు మీద 'వీఏ' అని ఉంటుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేర్లకు తప్ప రోజువారీ తిరగకూడదు. పైగా బండి అసలు రూపంలోనే ఉండాలి. ఫారం నింపబోతూ నాన్న కళ్ళజోడు పైకి నెట్టి, "కూరగాయలకు వెళ్ళకూడదా? అయితే నాకొద్దు" అన్నాడు. ఆ ఫారం అలాగే ఉంది. దాన్ని కూడా దేనికిందో భద్రంగా పెట్టే ఉంటాం.

ఇంతకీ తమర్ని ఎందుకు పదవి నుంచి తప్పించామో రాతపూర్వకంగా తెలియజేయడం న్యాయం. విచారణ జరిపాం. నాన్న మోకాళ్ళ తప్పు లేదన్నాడు నాన్న. హైదరాబాదు దూరమన్నాను నేను. పిల్లి ముసలిదైపోయిందంది అమ్మ. వడ్లు కౌలు రైతువి. మిగిలింది తమరే. తమరికి నోరు లేదు కాబట్టి తీర్పు ఏకగ్రీవంగా వచ్చింది.

బండి ఇంటికొచ్చిన రోజు సాయంత్రం నాన్న అరుగు మీద కూర్చుని దాన్నే చూస్తూ, "ఎండకు రంగు పోతుందిరా, దాని మీద ఏదన్నా కప్పు" అన్నాడు. అమ్మా నేనూ ముఖాలు చూసుకున్నాం. కోళ్ళ గూడు వైపు ఎవరం వెళ్ళలేదు. అమ్మే లోపలికి వెళ్ళి నాన్న పాత పంచె రెండు తెచ్చింది. ఒకటి బానెట్ దాకా వచ్చింది, ఇంకోటి డిక్కీ దాకా. చక్రాలు, తలుపులు, కింద నేల అన్నీ కనిపిస్తున్నాయి.

రోజూ ఆరింటికే నాన్న లేచి ఆ పంచెలు తీసి మడత పెడుతున్నాడు. సీటులో కూర్చుని, క్లచ్ మీద కాలు పెట్టకుండానే స్టార్ట్ చేసి, స్టీరింగు పక్కనున్న గేరు రాడ్డు మీద చెయ్యి వేసుకుని పది నిమిషాలు ఉంటున్నాడు. వంటింట్లోకి పొగ వస్తోందని అమ్మ గొడవ.

ఇట్లు,
తమరి పాత యజమాని

తా.క: కోళ్ళ గూడు కింద నిన్న కొత్తగా తవ్విన మట్టి కనిపించింది. తమరి పాత అద్దెదార్లు తమర్ని వెతుక్కుంటూ వచ్చినట్టున్నారు.