దుకాణాలు పెంచితే సరిపోదు

మందుల ఖర్చుపై మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. జన ఔషధి కేంద్రాలు, అంటే కేంద్ర ప్రభుత్వ పథకం కింద బ్రాండ్ పేరు లేకుండా అసలు పేరుతోనే మందులు చౌకగా అమ్మే దుకాణాలు, పెంచితే ఆ ఖర్చు దానంతటదే తగ్గుతుందని వ్యాసకర్త తేల్చేశారు. అంత సులువు కాదండీ. 2008లో మొదలైన ఈ పథకంలో మందులు బ్రాండెడ్ ధరల కన్నా 50 నుంచి 90 శాతం చౌక, కాదనను. కానీ గుంటూరు కొత్తపేటలో ఆస్పత్రి మెట్లు దిగే రోగి చేతిలో చాలాసార్లు ఉండేది కంపెనీ పెట్టుకున్న బ్రాండ్ పేరుతో డాక్టరు రాసిన చీటీ. ఆ పేరు వెనక ఉన్న మందు ఏమిటో అతనికెలా తెలుస్తుంది? పక్కనే ఉన్న మందుల షాపుకే వెళతాడు.

ధరల నియంత్రణ సంగతీ అంతంతమాత్రమే. మందుల ధరలపై కేంద్రం ఇచ్చిన 1995 నాటి ఉత్తర్వు తయారీ ఖర్చును బట్టి ధర కట్టేది. 2013 ఉత్తర్వు వచ్చాక, మార్కెట్లో కనీసం 1 శాతం వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటుకు చిల్లర వ్యాపారి లాభం 16 శాతం కలిపి గరిష్ఠ ధర అంటున్నారు. కంపెనీలు పెట్టుకున్న ధరలకే సగటు తీసి, దానికి నియంత్రణ అని పేరు!

నన్నడిగితే తమిళనాడు దారే మేలు. అక్కడ 1990ల నుంచి ప్రభుత్వ సంస్థే టెండర్లు పిలిచి, టోకున కొని, నాణ్యత పరీక్షించి సర్కారు ఆస్పత్రులకు పంపుతోంది. రోగికి ఉచితం. మన రాష్ట్రంలోనూ అలా కొనే సంస్థ ఉంది. ఇంత పొడుగు వ్యాసంలో దాని ఊసే లేదెందుకో!