మేళా ముగిశాక మిగిలిన చీటీలు

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులు మొదటి ఏడాది పూర్తికాగానే వేసవి సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. 180 గంటల ఆ పనిలో ఇంటింటి సర్వే, అవగాహన కార్యక్రమాలు, రోజూ నింపాల్సిన లాగ్‌బుక్, చివర ఒక నివేదిక ఉంటాయి. మాకు కేటాయించిన పల్లెలో అవగాహన కార్యక్రమాలన్నిటినీ కలిపి కిశోర బాలికల మేళాగా జరిపాం. హైస్కూలు వరండాలో రక్తపరీక్షకు, నెలసరి పరిశుభ్రతకు, చట్టాలకు, పైచదువులకు ఒక్కో బల్ల వేశాం. చివర్లో, పేరు రాయకుండా ప్రశ్న వేసేందుకు ఒక అట్టపెట్టె పెట్టాం. నేను నేర్చుకున్నదల్లా రక్తపరీక్ష బల్ల దగ్గర, ఆ అట్టపెట్టె దగ్గర నేర్చుకున్నదే. మిగతా చోట్ల మేం మాట్లాడాం, వాళ్లు విన్నారు.

ఊళ్లో ఆరోగ్య సేవలు చూసే నర్సు (ఏఎన్‌ఎం) వేలి నుంచి రక్తపు చుక్క తీసి, మీటరు చూపిన అంకెను చిన్న కాగితం మీద రాసి ఇస్తున్నారు. తొమ్మిదో తరగతి పూర్తిచేసిన ఒక అమ్మాయి 9.2 అని రాసి ఉన్న కాగితం నా దగ్గరికి తెచ్చి, ‘ఇది పాసా, ఫెయిలా అక్కా?’ అని అడిగింది. ఆ వయసులో హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క అని చెప్పగలిగానే గానీ, ఆ తర్వాత ఏం చేయాలో చెప్పే ఏర్పాటేదీ మా మేళాలో లేదు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర రక్తహీనత రాకుండా చూడటానికి, 9.2 ఉన్న పిల్ల డాక్టరుకు చూపించుకుని రోజూ మందు వాడాలి, కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. రెండోసారి ఆ పరీక్ష చేసేదెవరు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల బాలికల్లో రక్తహీనత 2015–16లో 54.1 శాతం ఉండగా 2019–21 నాటికి 59.1 శాతానికి పెరిగింది. అంకెలు రాసుకోవడంలో మనకు లోటేమీ లేదు. రాసుకున్న అంకెను పట్టుకుని మళ్లీ ఆ గడప తొక్కే మనిషే కరువు.

మేం ఆ పల్లెకు ఏ కొత్త జ్ఞానమూ మోసుకెళ్లలేదన్నది నా అభిప్రాయం. మేం చెప్పినవన్నీ ఏఎన్‌ఎంకూ అంగన్‌వాడీ టీచరుకూ మాకంటే బాగా తెలుసు. మాకున్న బలమల్లా ఆ పిల్లల కంటే నాలుగైదేళ్లే పెద్దవాళ్లం కావడం, ఆ ఊళ్లో ఎవరికీ చుట్టాలం కాకపోవడం. అందుకే అట్టపెట్టెలో ముప్పైకి పైగా చీటీలు పడ్డాయి. నెలసరి నొప్పి గురించీ, ఇంటర్‌కు పట్నం పంపరన్న బాధ గురించీ చాలామంది రాశారు. ఒక చీటీలో మాత్రం, ‘నాకు పెళ్లి ఖాయం చేశారు. పదహారేళ్లు. ఆపాలంటే ఎవరికి చెప్పాలి? మా నాన్నకు తెలియకూడదు’ అని ఉంది.

చట్టాల బల్ల మీద మేం అతికించిన చార్టులో పిల్లల సహాయవాణి 1098 నంబరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ పిల్లకు సొంత ఫోను ఉందా అని చార్టు రాసిన మాలో ఒక్కరికీ తట్టలేదు. అంగన్‌వాడీ టీచరు చీటీ చదివి, ఆ అమ్మాయి ఎవరో ఇట్టే పోల్చుకున్నారు. వాళ్లది ఆమె ఉండే వీధే. ఫిర్యాదు చేస్తే రేపు ఆ వీధిలోనే తలెత్తుకుని నడవాల్సింది తానేనని ఆమె అన్నప్పుడు, మొదట నాకు కోపం వచ్చిన మాట నిజమే గానీ, రెండు నెలల్లో బస్సెక్కి వెళ్లిపోయే నాకు ఆ కోపానికి హక్కు లేదని తర్వాత అర్థమైంది. 1098కి ఫోను నేనే చేశాను. అంతవరకు బయటివాళ్లే చేయగలిగిన పని.

దేశంలో 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు 23.3 శాతమైతే మన రాష్ట్రంలో 29.3 శాతమని 2019–21 నాటి అదే సర్వే తేల్చింది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం అక్షయ తృతీయ పేరెత్తి మరీ, అలాంటి రోజుల్లో జరిగే సామూహిక బాల్యవివాహాలను ఆపే బాధ్యతను జిల్లా మేజిస్ట్రేట్‌కు అప్పగించింది. అంటే ప్రమాదం వేసవిలో ఎక్కువని చట్టం రాసినవాళ్లకు తెలుసు. బడికి తాళం పడి, పిల్ల రాలేదేమని అడిగే మాస్టారు కూడా ఊళ్లో ఉండని కాలమది. ఆ లెక్కన మమ్మల్ని వేసవిలో పంపడం మంచిదే. ఇంకో సంగతి, పెళ్లి జరిగిపోయినా, అప్పటికి మైనరుగా ఉన్నవారు మేజరైన రెండేళ్లలోపు దాన్ని రద్దు చేయమని కోర్టును కోరవచ్చు. మా చార్టులో ఈ ముక్క లేనే లేదు.

ఆ రోజు లాగ్‌బుక్‌లో హాజరైనవారి సంఖ్య రాశాను, ఫొటోలు అతికించాను, మార్కులు బాగానే వచ్చాయి. చీటీల సంగతి రాయడానికి అందులో గడి లేదు. ఒకే కళాశాల ఏటా అదే పల్లెకు విద్యార్థులను పంపాలి. ఏ ప్రశ్నను, ఏ అంకెను, ఏ తేదీన, ఎవరికి అప్పగించారో రాయడానికి లాగ్‌బుక్‌లో ఒక పేజీ ఉండాలి. తర్వాతి బృందం మొదటి వారం పని ఆ పేజీతోనే మొదలుకావాలి. మార్కుల్లో కొంత భాగం దానికి కేటాయిస్తే చాలు, మేళా ఫొటోల మోజు దానంతటదే తగ్గుతుంది. మా తర్వాతి బృందాన్ని వేరే మండలానికి పంపారు. చీటీలు ఇప్పటికీ నా పెట్టెలోనే ఉన్నాయి.