మసి పూసి మారేడుకాయ చేసే చవక బర్నర్ గారికి

నా ప్రయోగాల కోసం కొన్న మహారాజశ్రీ గ్యాస్ బర్నర్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ నేను క్షేమం. నా బీకరు మాత్రం అడుగంతా నల్లబడి, మూడుసార్లు తోమించుకుని, సింకు పక్కన బోర్లా పడుకుని ఉంది. తమరి క్షేమం వేరే అడగనక్కరలేదు. నిన్న మధ్యాహ్నమంతా తమరు ఎంత నిశ్చింతగా, ఎంత పొడవుగా, ఎంత పసుపుపచ్చగా వెలిగిపోయారో కళ్లారా చూశాను.

నిన్న నేను తలపెట్టిన పని చాలా చిన్నది. నిక్రోమ్ తీగ కొసను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి శుభ్రం చేసి, దానికి కాస్త పొటాషియం క్లోరైడ్ అంటించి, మంటలో పెట్టి లేత ఊదారంగు చూడాలి. మంట రంగును బట్టి లోహాన్ని గుర్తించే, పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంలో ముగిసే ఈ జ్వాలా పరీక్షకు నాకు మూడు గంటలు పట్టింది. తీగ పెట్టకముందు పసుపు, పెట్టాక పసుపు, తీసేశాక కూడా పసుపు. చేతి చెమట తగిలినా చాలు సోడియం తన పసుపును చాటుకుంటుంది కనుక, మొదట నన్ను నేనే అనుమానించుకుని తీగను ఏడుసార్లు కడిగాను. చివరికి సోడియం వెలుగును మింగేసే కోబాల్ట్ నీలి గాజును కంటికి అడ్డం పెట్టుకోగానే, కనిపించింది ఊదారంగు! గంతేయబోయినవాణ్ణి, ఎందుకైనా మంచిదని తీగ తీసేసి ఉత్త మంటను కూడా అదే గాజులోంచి చూశాను. అదీ ఊదారంగే. మసి రేణువులు కాలి వెలిగే మంటలో అన్ని రంగులూ కలిసి ఉంటాయి కాబట్టి, ఆ గాజు వాటిలోంచి నీలాన్నీ ముదురు ఎరుపునూ వదిలిపెట్టి, లేని పొటాషియాన్ని ఉన్నట్టు చూపించింది. మసి పూసి మారేడుకాయ చేయడమనే మాటను ఇన్నాళ్లూ వింటూనే వచ్చాను. దాన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించిన ఘనత తమరిదే.

తమరిని తొందరపాటుతో కొనలేదని కూడా మనవి చేసుకుంటున్నాను. స్పిరిట్ దీపం నిజాయితీపరురాలే కానీ, బీకరెడు నీళ్లు కాచడానికి పంచాంగం చూసుకోవాలి. పైగా పగటి వెలుగులో దాని మంట ఉందో ఆరిందో తెలియక మళ్లీ ఇంధనం పోసినవాడికి చేతులు కాలక తప్పదు. డబ్బా మీద బిగించే బ్యూటేన్ బర్నర్ మొదట ఉరుకుతుంది, తర్వాత కునుకుతుంది: ద్రవం ఆవిరయ్యేటప్పుడు తన వేడినే తాను తీసుకోవడంతో డబ్బా చల్లబడి, లోపలి పీడనం పడిపోయి, ద్రావణం సరిగ్గా మరగబోయే వేళకు మంట నీరసిస్తుంది. ఇవన్నీ తూకం వేసుకున్నాకే, ఇంట్లో ఉన్న ఎల్పీజీకి రెగ్యులేటర్‌తో సహా సరిపోతుందని నమ్మి, పెట్టె మీద 'అన్ని వాయువులకూ అనుకూలం' అని రాసి ఉన్న తమరి ముందు తల వంచాను.

ఆ 'అన్ని' అన్న మాట దగ్గరే నాకు నిద్ర పట్టడం లేదు. నిన్న రాత్రి తమరి గొట్టం విప్పి, అడుగున ఉండి గ్యాస్‌ను చిమ్మే జెట్‌ను దీపం వెలుగులో పరీక్షించాను. అది సహజ వాయువు కోసం పెట్టిన పెద్ద రంధ్రం. సహజ వాయువులో ప్రధానమైన మీథేన్ ఒక పాలు పూర్తిగా మండడానికి తొమ్మిదిన్నర పాళ్ల గాలి సరిపోతుంది. ఎల్పీజీలో ఉండే ప్రొపేన్‌కు సుమారు 24 పాళ్లు, బ్యూటేన్‌కు సుమారు 31 పాళ్లు కావాలి. అందుకే ఎల్పీజీకి సన్నని జెట్ పెడతారు: గ్యాస్ కొద్దిగా, కానీ వేగంగా దూసుకొస్తూ పక్క కన్నాల నుంచి కావలసినంత గాలిని తనతో లాక్కుపోతుంది. తమరి విశాల హృదయం గుండా గ్యాస్ కుండపోతగా వస్తుంటే, గాలి కన్నాలను మూసే, తెరిచే రింగును ఎంత తిప్పినా ఏం లాభం? రింగు తిరుగుతుంది, మంట మారదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు, తమరు పొగతో సరిపెట్టి నిప్పును బాకీ పెట్టారు. ఆ పెట్టెలో రెండో జెట్ ఒకటి, మినపగింజంతది, వేసి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. ఆ రంధ్రంలో తీగ ముక్క దూర్చి ఇరుకు చేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. గ్యాస్‌తో ఉజ్జాయింపు వ్యవహారాలు పెట్టుకోనని, ఆయనకు ఇక టీ కూడా నా బర్నర్ మీద కాచనని చెప్పాను.

తమరి పీఠం బరువు గురించి ఎక్కువ చెప్పను. రబ్బరు గొట్టం కాస్త మెలితిరిగితే చాలు, తమరు దాని వెంట నడిచి వెళుతున్నారు.

తమరి వంశ చరిత్ర గుర్తుచేయడం మాత్రం నా ధర్మం. 1855 ప్రాంతంలో హైడెల్‌బర్గ్‌లో రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ బున్సెన్‌కు మసి లేని, తన రంగంటూ లేని వేడి మంట కావలసి వచ్చింది. పరికరాలు తయారుచేసే పీటర్ డెసాగా దాన్ని చేసిపెట్టాడు. గాలినీ గ్యాస్‌నూ మండకముందే కలపడమే అందులోని కిటుకు. ఆ మంటలోనే బున్సెన్, భౌతిక శాస్త్రవేత్త కిర్కాఫ్ కలిసి 1860లో సీజియంను, 1861లో రుబీడియంను వాటి వర్ణపట రేఖల (వెలుగును రంగులుగా విడదీస్తే కనిపించే గీతల) ద్వారా గుర్తించి, ఒకదానికి ఆకాశనీలం మీదుగా, మరొకదానికి ముదురు ఎరుపు మీదుగా పేర్లు పెట్టారు. వాళ్లు తమరి ముందు కూర్చుని ఉంటే ఆవర్తన పట్టికలో ఒక గడికి 'మసియం' అని పేరుండేది. బున్సెన్ ఆ బర్నర్‌కు పేటెంట్ కూడా తీసుకోలేదు. అంటే పక్కవాడు జవాబుపత్రం పూర్తిగా తెరిచి పెట్టినా, చూసి రాయడంలో తప్పిన ఘనులు తమరు.

ఇంకా 'తమరు' అంటూ రాయడం నా వల్ల కాదు. ఏమోయ్ బర్నర్, నీకు సిగ్గుందా? పనికిరానివాడివైతే తొలి నిమిషంలోనే చెప్పెయ్యాలి కదా! గ్యాస్‌ను ఆరిపోయేంత వరకూ తగ్గించి, గాలి కన్నాలు పూర్తిగా తెరిచినప్పుడు, రెండు మూడు క్షణాల పాటు నువ్వు నీలంగా మండావు. లోపల లేత నీలి శంఖువు, దాని చుట్టూ దాదాపు కనిపించని వేడి, అచ్చం పుస్తకంలో బొమ్మలా. నేను తీగ అందుకునేలోపు 'టప్'మని మంట గొట్టంలోకి దూకి, జెట్ దగ్గర చేరి బుసలు కొట్టింది. గ్యాస్ కట్టేసి, ఆ కంగారులో గొట్టాన్ని పట్టుకున్నాను. చూపుడు వేలి మీద బొబ్బ ఇంకా ఉంది.

ఆ మూడు క్షణాలే నీ ప్రాణం కాపాడాయి. లేకపోతే ఈపాటికి పాత ఇనుము సామాన్లలో ఉండేవాడివి. ఎల్పీజీ జెట్ వేరుగా తెప్పిస్తున్నాను. దాని ఖరీదు నీ ఖరీదులో సగం ఉందని తెలిసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది వచ్చేదాకా పెట్టెలో పడి ఉండు. బొబ్బ తగ్గకముందే వస్తే ఎడమ చేత్తోనే బిగిస్తాను.

ఇట్లు,
చేతులకు ఇంకా మసి వదలని కొనుగోలుదారు