వసంత విహార ప్లాన్ గారికి ఒక మనవి

మహారాజశ్రీ వసంతకాలపు సెలవుల ప్లాన్ గారికి,

గోల్ఫ్ ఆడడం రాని తోడు ప్రయాణికురాలు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీ మొదటి పేజీ చూసి మురిసిపోయాను. గోల్ఫ్, వారసత్వం, స్థానిక రుచులు. మూడింటికీ ఒకే సైజు అక్షరాలు, ఒకే సైజు బొమ్మలు. ఇంతటి సామాజిక న్యాయం ఎక్కడా చూడలేదు. పేజీ తిప్పితే తెలిసింది, ముగ్గురన్నదమ్ముల్లో పెద్దాయన ఆస్తంతా ముందే రాయించేసుకున్నాడని.

"ఉదయం: గోల్ఫ్" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. పద్దెనిమిది హోల్స్ (బంతి పడాల్సిన గుంటలు) ఆడాలంటే నాలుగు గంటల పైమాటే. దానికి ముందు చేతులు వదులవడానికి కొట్టే బంతులు, మన ముందు ఆడుతున్నవాళ్ల నత్తనడక, పొదల్లోకి పోయిన బంతి కోసం వెతుకులాట ఏ ఖాతాలో వేశారు? బంతి వెతకడానికి 2019 దాకా ఐదు నిమిషాలు ఇచ్చేవారు, ఇప్పుడు మూడే. మిగిలిన ఆ రెండు నిమిషాలూ మ్యూజియానికి కలిసొస్తాయని ఆశపడ్డాను. కానీ ఆట అయ్యాక, ఏ షాట్ ఎందుకు తప్పిందన్న చర్చ ఒకటుంటుందే, దానికి నిబంధనల్లో గడువేమీ పెట్టలేదు.

"మధ్యాహ్నం: కోట, మ్యూజియం, పాత వీధుల్లో నడక." బాగుంది. అలాంటి చోట్ల మూసేవేళకు అరగంటో గంటో ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. స్పెయిన్‌లోని గ్రనాడా ఊళ్లో అల్హంబ్రా అనే పాత కోటలోనైతే నస్రిద్ రాజభవనాల టికెట్ మీద ఏ టైము వేస్తే ఆ టైముకే వెళ్లాలి. పద్దెనిమిదో హోల్ దగ్గర ఆలస్యమైందండీ అంటే గుమ్మంలో జాలిపడేవాళ్లెవరూ ఉండరు. మీరేమో ఆటకు నెలల ముందే బుక్ చేసి, రాజభవనాల పక్కన బ్రాకెట్లో "వీలైతే" అని రాశారు. పోనీ, ఆట లేని రోజు ఒకటి దయచేశారు కదా అనుకుంటే అది సోమవారం. సగం మ్యూజియాలకు సెలవు ఆ రోజే.

వారసత్వం గోల్ఫ్‌లోనే ఉంది కదా అని మీరు అనొచ్చు. కాదనను. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో, ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానంలో, స్విల్కన్ వాగు మీద వందల ఏళ్ల నాటి బుల్లి రాతి వంతెన ఉంది. గోల్ఫర్లు దాని మీద నిలబడి ఫొటో దిగందే కదలరు. కానీ నాకు నచ్చిన వారసత్వం వేరే ఉంది. జనం విలువిద్య సాధన మానేసి దీని వెంట పడుతున్నారని 1457లో ఆ దేశపు రాజు రెండో జేమ్స్ ఈ ఆటను నిషేధించాడు. ఎంత ముందుచూపు! ఆయన మనవడు నాలుగో జేమ్స్ 1502లో గోల్ఫ్ కర్రలు కొనుక్కున్నాడనుకోండి, అదీ విల్లులు చేసేవాడి దగ్గరే. ఇప్పటికీ ఓల్డ్ కోర్సులో మామూలు ఆదివారాల్లో ఆట ఉండదు. ఊరి జనం కుక్కల్ని తీసుకుని ఆ పచ్చికలో హాయిగా తిరుగుతారు. నేనూ తిరిగేదాన్నే. కానీ ఆదివారం కోసం మీరు పక్క ఊళ్లో ఇంకో కోర్సు వెతికిపెట్టారు.

స్థానిక రుచుల సంగతి తొందరగా ముగిస్తాను, మీరూ అలాగే ముగించారు కాబట్టి. స్పెయిన్‌లో చాలా హోటళ్లవాళ్లు మధ్యాహ్న భోజనం అయ్యాక పొయ్యి ఆర్పితే మళ్లీ రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో గాని వెలిగించరు. మన ఆట ముగిసి, స్నానాలై, ఆకలి నకనకలాడేది సరిగ్గా ఆ మధ్యలోనే. ప్రపంచంలో ఎక్కడైనా ఆ వేళకు దొరికే స్థానిక వంటకం ఒక్కటే, క్లబ్‌హౌస్ శాండ్‌విచ్.

ఇంతా చేసి, ఆ గోల్ఫ్‌నైనా సరిగ్గా చూసుకున్నారా? వసంతం అనగానే మీకు పూలే గుర్తొచ్చాయి. గ్రీన్స్‌కి, అంటే హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన పచ్చికకి, గాలి ఆడించే పని చాలా కోర్సుల్లో పెట్టుకునేది కూడా ఈ కాలంలోనే. నున్నటి పచ్చిక మీద యంత్రం నడిపి, వేలెడేసి మట్టి కడ్డీలు పెరికి, ఆ కన్నాల నిండా ఇసుక పోస్తారు. గడ్డి మళ్లీ కమ్ముకునేదాకా మెల్లగా కొట్టిన బంతి కూడా ఎగిరెగిరి పడుతూ పోతుంది. నాలుగు అడుగుల దూరంలో హోల్ ఉన్నా గోల్ఫర్ ముఖంలో నెత్తురుచుక్క ఉండదు. అలాంటి రోజున ఆట తొమ్మిది హోల్స్‌తో ఆగిపోయే అవకాశాలు పుష్కలం.

కాబట్టి నా మనవి ఒక్కటే. వచ్చే ఏడాది ఆ కన్నాలు పొడిచే తేదీలు కోర్సువాళ్లకు ఫోన్ చేసి ముందే కనుక్కోండి. కనుక్కుని సరిగ్గా ఆ వారానికే బుక్ చేయండి. కొన్ని చోట్ల ఫీజు కూడా తగ్గిస్తారు, ఆ మాట పెద్ద అక్షరాల్లో వేయండి. ఇసుక సంగతి ఇంట్లో ఎత్తకండి.

ఇట్లు,
మీ "వీలైతే" వర్గం తరఫున,
తోడు ప్రయాణికురాలు