మహారాజశ్రీ నాచు గారి దివ్యసముఖమునకు

భీమవరం నుంచి, మొక్కల అక్వేరియం పెంచుకునే ఒక సామాన్యుడు నమస్కరించి వ్రాయు లేఖ. ఉభయకుశలోపరి. మా గాజు తొట్టెలో తమరు క్షేమంగా ఉన్నారనడానికి అద్దం మీద, అనూబియాస్ ఆకుల మీద, ఫిల్టర్ మూతి మీద రోజూ నిదర్శనాలు కనబడుతూనే ఉన్నాయి కనుక ఆ సంగతి విడిగా అడగడం లేదు.

తమరిని దరిద్రమనీ, పిలవని పేరంటమనీ తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను. తమరు పిలవనిదే ఏ ఇంటికీ రారు. గోదావరి జిల్లాల మర్యాద లోకప్రసిద్ధం. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడికి విస్తరి పట్టనన్ని పిండివంటలు వడ్డించి, లేవలేని స్థితికి తెచ్చి, ఆ తర్వాత "ఇంకా బయలుదేరలేదేమిటి" అని వంటింట్లో గుసగుసలాడుకునే ఇళ్లు మావి. అక్వేరియం దగ్గరా అదే వరస. నీళ్లుండేది ఈశాన్యంలోనే శుభమని సిద్ధాంతి సెలవిస్తే, తూర్పు కిటికీ ఎండ నేరుగా పడే మూల చూసి మరీ తొట్టె పెడతారు. ఆ ఎండ చాలదన్నట్టు, హాల్లో ఆఖరి మనిషి నిద్రపోయేదాకా పైన లైటు వెలుగుతూనే ఉంటుంది. వచ్చిన ప్రతి చుట్టం పిల్లాడి చేతా చేపలకు చిటికెడు మేత వేయిస్తారు. చేపలు తినగా మిగిలింది అడుగున కుళ్లి తమరి భోజనంలో చేరుతుంది. ఇంతగా పిలిచాక తమరు వచ్చి కూర్చుంటే మాత్రం నెత్తీ నోరూ కొట్టుకుంటారు.

వచ్చింది తమరి బంధువర్గంలో ఎవరో చూసే ఓపిక కూడా మావాళ్లకు లేదు. కొత్త తొట్టెలో తొలి వారాల్లో గోధుమరంగు పొడిలా పరుచుకునే డయాటమ్‌లు వేలితో రాస్తేనే చెదిరిపోతాయి, తొట్టె కుదురుకున్నాక చాలావరకు వాటంతటవే సెలవు తీసుకుంటాయి. ఈలోగా మావాళ్లు ఏదో మందు సీసా కొని పోసి, వాటిని సాగనంపిన కీర్తి ఆ సీసాకు కట్టబెడతారు. దారాల్లా అల్లుకునే పోగునాచును పాత టూత్‌బ్రష్‌కు మెలిపెట్టి లాగేయవచ్చు. నీళ్లనే పచ్చగా మార్చేసే సూక్ష్మరూపం ఫిల్టర్‌కు చిక్కదు, నీళ్లు మార్చినా త్వరలోనే తిరిగివస్తుంది. దానికి మూడు నాలుగు రోజుల కటిక చీకటో, యూవీ దీపమో కావాలి. అద్దం మీద స్పాంజికి లొంగక బ్లేడుకు మాత్రమే ఊడే గుండ్రటి ఆకుపచ్చ చుక్కలు, వెలుతురు ఎక్కువై ఫాస్ఫేట్ తక్కువైన చోట తరచుగా కనబడతాయి. "ఎరువు వేయడం వల్లే నాచు" అని నమ్మి ఎరువు పూర్తిగా మానేసిన ఇంట్లో తమరు సరిగ్గా ఆ రూపంలోనే దర్శనమివ్వడం నాకెంతో నచ్చిన చమత్కారం. మొక్క ఆకలితో నీరసించినప్పుడు ఆ ఆకునే తమరు పీట వేసుకుంటారన్న సంగతి, ఎరువును శత్రువుగా చూసేవారి తలకెక్కదు.

తమరి వంశంలో నేను నిజంగా భయపడేది నల్లగడ్డం నాచు గారికే. ఆకు అంచున గోరంత నల్లటి కుచ్చుగా మొదలై, కర్ర మీదా, ఫిల్టర్ నీళ్లు పడే చోటా మొలుస్తారు. వేళ్లతో పట్టి లాగితే కుచ్చు రాదు, ఆకు చిరుగుతుంది. చూపుకు నలుపే గాని పుట్టుకకు ఎర్రనాచు కులం. మా పెళ్లి భోజనాల్లో జెల్లీకి వాడే అగర్ అగర్ కూడా సముద్రంలోని ఎర్రనాచుల నుంచే వస్తుంది కనుక, ఆ వంశం వారికి మా విందులు కొత్తేమీ కాదు. ఫిల్టర్ కాసేపు ఆపి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను సూది తీసిన సిరంజితో ఆ కుచ్చు మీదికే నెమ్మదిగా వదిలితే సన్నటి బుడగలు లేస్తాయి, కొద్ది రోజుల్లో నలుపు పోయి గులాబీ ఎరుపు తేలుతుంది, ఆపైన పాలిపోతుంది, అప్పుడు రొయ్యలు వచ్చి కొరుక్కు తింటాయి. మోతాదు మించితే రొయ్యలే ముందు పోతాయి కాబట్టి కొంచెం కొంచెంగానే వేయాలి.

అయితే ఆ కుచ్చుకు అసలు పీట, మొక్కల కోసం నీళ్లలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ నిలకడ తప్పడమే. సిలిండరు పెట్టిన వాళ్ల ఇళ్లలో కరెంటు పోగానే వాల్వు మూసుకుంటుంది, రాగానే తెరుచుకుంటుంది. పాతరకం టైమరైతే కరెంటు లేనంతసేపూ గడియారం ఆగి, లైటు వేళ రోజురోజుకీ జరిగి జరిగి అర్ధరాత్రికి చేరుతుంది. తొట్టెలో వేలాడదీసిన సూచిక ద్రవం నీలంగా ఉంటే వాయువు చాలలేదని, ఆకుపచ్చగా ఉంటే సరిపోయిందని, పసుపైతే చేపలకు ఊపిరాడదని అర్థం. ఆ చిన్న గాజుబుడ్డిని అలంకారం అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ.

తమరి పేరు చెప్పుకుని తిరిగే ఒక పెద్దమనిషిపై ఫిర్యాదు కూడా ఉంది. ఇసుక మీద నీలాకుపచ్చ జిగురు పొరలా పరుచుకుని, లేపితే మొత్తంగా లేచివచ్చే, ముక్కు మూసుకోవలసినంత వాసన కొట్టే ఆ సయనోబాక్టీరియా నాచే కాదు, బాక్టీరియా. దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట ఈ భూమి గాలిలో ఆక్సిజన్ పేరుకోవడానికి కారణం ఆ వంశమే కనుక మర్యాదగానే చెబుతున్నాను: నీళ్లు కదలని మూలలోనూ, నైట్రేట్ దాదాపు అడుగంటిన తొట్టెలోనూ ఆయన బలపడతారు. గొట్టంతో పొరను లాగేసి, మూడు రోజులు దుప్పటి కప్పి, నీటి ప్రవాహమూ నైట్రేటూ పెంచితే సర్దుకునేదానికి మందుల షాపు యాంటీబయాటిక్ పోసి, ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియాకు కూడా గండం తెచ్చేవాళ్లున్నారు.

ఇక తమరిని వెళ్లగొట్టడానికి దుకాణదారు ఇచ్చే సలహా ఊరూరా ఒక్కటే: "సక్కర్ ఫిష్ వేయండి సార్, అంతా నాకేస్తుంది." వేలెడంత ఉన్నప్పుడు నాకే మాట నిజమే. అది అడుగు దాటి పెరుగుతుందనీ, పెద్దదయ్యాక నాచు కన్నా మేత మీదే మక్కువ చూపుతుందనీ, మొక్కలు పెళ్లగిస్తుందనీ, దాని వ్యర్థమే తమరికి ఎరువనీ ఆయన చెప్పడు. తొట్టె పట్టనప్పుడు యజమాని దాన్ని చీకటి పడ్డాక కాలువలో వదిలి పుణ్యం కట్టుకుంటాడు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ జాతి ఇవాళ మా కాలువల్లో, చెరువుల్లో దెయ్యం చేప పేరుతో వలలు చింపుతోంది. తమరి మీద ఇంతకంటే మర్యాదైన కాపలాదారు, మొక్కల అక్వేరియాల అలంకరణకు పేరుపడ్డ జపాన్ దేశస్థుడు తకాషి అమానో (1954–2015) పేరుతో చెలామణీ అయ్యే అమానో రొయ్య. మా నీలకంఠ రొయ్యలాగే దాని పిల్లలకూ ఉప్పు తగిలిన నీళ్లు కావాలి కనుక మంచినీటి తొట్టెలో సంతానం పెరిగే బెడదే లేదు.

కనుక తమరికి తెలియజేయునది ఏమనగా, ఇకపై మా ఇంట లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలే, అదీ బ్యాటరీ ఉన్న టైమరు మీద. కిటికీకి తెర పడుతుంది. వారానికొకసారి సగం నీళ్లు మారుతాయి. వేసవిలో కాలువలు కట్టేశాక వచ్చేది మంచినీళ్ల చెరువు నీరే కాబట్టి తమరి బంధువులు కొందరు ఆ దారిన రావచ్చు, దానికి నేనేమీ చేయలేను. ఖరీదైన ఎర్రమొక్కల పక్కన, కాలువల్లోంచి పీకి గట్టున పడేసే హైడ్రిల్లాను నత్తలు లేకుండా శుభ్రంగా కడిగి గుత్తులుగా నాటుతాను. అంత వేగంగా పెరిగే మొక్క తమరి కంచంలోది ముందే లాగేసుకుంటుంది. వెనక అద్దం మాత్రం తమరికే వదిలేస్తున్నాను, చేపలు కాస్త మేసుకుంటాయి.

ఇట్లు,
తమరి విధేయుడు కాని ఇంటి యజమాని.

తాజాకలం: ఇంతకంటే ఘనమైన ఆతిథ్యం కావాలంటే ఊరి చుట్టూ చెరువులున్నాయి. బొచ్చె, శీలావతి పెంచే రైతులు పేడా సూపర్ ఫాస్ఫేటూ చల్లి తమరిని పిలుస్తారు. మోచేతి దాకా నీళ్లలో ముంచితే అరచెయ్యి కనబడకపోతేనే సంతోషిస్తారు. రాత్రిపూట తమరు కూడా ఆక్సిజన్ పీల్చి, తెల్లవారుజామున చేపలు పైకి తేలేలా చేస్తే మాత్రం ఆ సంతోషం ఉండదు. తొట్టెలోంచి తీసిన నీళ్లను నేను కాలువలో కలపను, కొబ్బరిచెట్టు మొదట్లో పోస్తాను. కాబట్టి చెరువు దాకా ప్రయాణపు ఖర్చులు తమరివే.