చదువుకున్న ఊరే సొంతూరు

2025 జూన్ 4న టెక్సస్‌లో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. కాగితాలు లేని, అంటే దేశంలో ఉండటానికి చట్టబద్ధ అనుమతి లేని విద్యార్థులకు ఇన్‌స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రవాసులకు మాత్రమే ఉండే తక్కువ ఫీజు) ఇస్తున్నారంటూ అమెరికా ఫెడరల్ న్యాయశాఖ ఆ రాష్ట్రం మీద దావా వేసింది. తన చట్టాన్ని తాను కాపాడుకోవాల్సిన రాష్ట్రం ఆ రోజే ఫెడరల్ ప్రభుత్వంతో చేతులు కలిపి, అవును, మా చట్టం తప్పే అని ఒప్పేసుకుంది. కొన్ని గంటల్లో జడ్జి సంతకం అయిపోయింది. వాదించిన వాళ్లు లేరు, పిల్లల తరఫున ఒక్క మాట విన్నవాళ్లు లేరు. 24 ఏళ్ల చట్టం ఒక్క పూటలో పోయింది. డిగ్రీ సగంలో ఉన్న పిల్లల ఫీజు మూడింతలకు, కొన్ని యూనివర్సిటీల్లో అంతకు మించి పెరిగే పరిస్థితి వచ్చింది.

ఆ చట్టం చేసింది ఎవరో గుర్తు చేసుకోవాలి. 2001లో అమెరికా మొత్తం మీద ఇలాంటి చట్టం మొదట తెచ్చిన రాష్ట్రం టెక్సస్. సంతకం పెట్టిన గవర్నర్ రిక్ పెర్రీ రిపబ్లికన్. పదేళ్ల తర్వాత అధ్యక్ష పదవికి పోటీపడుతూ, సొంత పార్టీ వాళ్ల ముందు చర్చావేదిక మీదే ఆ చట్టాన్ని సమర్థించాడు. దాన్ని వ్యతిరేకించేవాళ్లకు గుండె లేదన్నాడు. చట్టం అడిగింది కూడా పెద్దదేమీ కాదు. విద్యార్థి మూడేళ్లు టెక్సస్‌లో ఉండి అక్కడే హైస్కూల్ పూర్తి చేయాలి, అవకాశం వచ్చిన వెంటనే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేస్తానని ప్రమాణపత్రం ఇవ్వాలి. అదే ఏడాది కాలిఫోర్నియా కూడా ఇలాంటిదే చేసింది. ఆ తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు ఈ బాట పట్టాయి. ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. ఫ్లోరిడా కూడా 2014లో తెచ్చుకున్న తన చట్టాన్ని 2025లో రద్దు చేసుకుంది.

ఈ పిల్లలు ఎవరు? నాలుగైదేళ్ల వయసులో అమ్మానాన్నల వేలు పట్టుకుని వచ్చినవాళ్లు. ఎక్కడికి వెళ్తున్నామో, ఏ కాగితంతో వెళ్తున్నామో తెలియనివాళ్లు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు వీళ్లకు బడి తలుపు తెరిచింది. ఆ కేసు కూడా టెక్సస్‌దే. టైలర్ అనే ఊళ్లో, కాగితాలు లేని ఒక్కో పిల్లాడికి ఏడాదికి 1,000 డాలర్లు కట్టమన్నారు. తల్లిదండ్రులు చేసిన పనికి పిల్లల్ని శిక్షించడం కుదరదని కోర్టు 5-4 తేడాతో చెప్పింది. అందువల్ల పన్నెండో తరగతి వరకు వీళ్లను ఎవరూ ఏమీ అడగరు. చాలామందికి తమకు కాగితాలు లేవన్న సంగతి తెలిసేది కాలేజీ సహాయం కోసం ఫారం నింపే రోజే. సోషల్ సెక్యూరిటీ నంబర్ ఎంతమ్మా అని కొడుకు అడుగుతాడు. తల్లి దగ్గర జవాబు ఉండదు. క్లాసులో ఫస్ట్ వచ్చిన పిల్లాడైనా సరే, ఫెడరల్ గ్రాంటు రాదు, ఫెడరల్ రుణం రాదు. పన్నెండేళ్లు ప్రజల డబ్బుతో చదివించి, ఆ చదువు ఫలితమిచ్చే వేళకు తలుపు వేసేయడం ఏ లెక్కన చూసినా దుబారా.

డాకా ఉంది కదా అని చాలామంది అనుకుంటారు. చిన్నప్పుడే కాగితాలు లేకుండా వచ్చినవాళ్లను దేశం నుంచి పంపేయకుండా ఆపడానికి ఒబామా 2012 జూన్ 15న తెచ్చిన ఆ ఏర్పాటు కింద రెండేళ్లకోసారి రెన్యూ చేసుకునే వర్క్ పర్మిట్ వస్తుంది. కానీ అది వర్తించాలంటే 2007 జూన్ 15 నాటికే అమెరికాలో ఉండాలి. ఈ ఒక్క తేదీని పట్టుకుని లెక్క వేయండి. ఇప్పుడు కాలేజీలో చేరుతున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆ తేదీకి పుట్టాడో లేదో. పైగా 2021లో టెక్సస్ ఫెడరల్ కోర్టు తీర్పు వచ్చాక కొత్త దరఖాస్తులకు ఆమోదాలే ఆగిపోయాయి. అంటే ఈ తరం విద్యార్థికి ఫీజు రాయితీ లేకపోవడం ఒక్కటే కష్టం కాదు. క్యాంపస్ క్యాంటీన్‌లో పని చేసుకునే హక్కు కూడా లేదు. డాకా కాలంలో రాసుకున్న సహాయ పథకాలు ఇతనికి చాలవు. ఇది గ్రహించని కాలేజీలు ఇంకా పాత కరపత్రాలే పంచుతున్నాయి.

సరైన సహాయం ఎలా ఉంటుందో చూపించిన క్యాంపస్‌లు ఉన్నాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ క్యాంపస్‌లో 2012 నుంచే ఈ విద్యార్థుల కోసం ప్రత్యేక విభాగం నడుస్తోంది. అదే ఏడాది హోంల్యాండ్ సెక్యూరిటీ మంత్రిగా డాకా ఉత్తర్వు మీద సంతకం చేసిన జానెట్ నపాలిటానో, మరుసటి ఏడాది కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థకు అధ్యక్షురాలై ఈ పిల్లల కోసం 50 లక్షల డాలర్లు ప్రకటించారు. 2017లో ట్రంప్ ప్రభుత్వం డాకాను రద్దు చేయబోతే, తాను ఒకప్పుడు నడిపిన శాఖ మీదే యూనివర్సిటీ తరఫున కేసు వేశారు. 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచారు. అదీ పట్టుదల అంటే. డేవిస్ లా స్కూల్ కేంద్రంగా ఇప్పటికీ ఆ యూనివర్సిటీ విద్యార్థులకు ఉచితంగా ఇమిగ్రేషన్ లాయర్లను ఇస్తోంది. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన సాయం ఇదే. చాలామంది పిల్లలకు తమకు వీసాకో, ఇంకో రక్షణకో అర్హత ఉందని కూడా తెలియదు. ఫీజు సగం తగ్గించినా రాని నిశ్చింత, ఒక మంచి లాయరుతో గంట కూర్చుంటే వస్తుంది.

ఇక రహస్యం. ఏ విద్యార్థికి కాగితాలున్నాయి, ఎవరికి లేవు అనే జాబితా కాలేజీ దగ్గర ఉండనే కూడదు. జాబితా లేకపోతే అడిగినవాడికి ఇవ్వడానికీ ఉండదు. తల్లిదండ్రులకు కాగితాలు లేని అమెరికన్ పౌరులు కూడా ఫెడరల్ సహాయం ఫారం నింపడానికి భయపడుతున్న రోజులివి. ఆ భయం పోగొట్టే మాట ఒక్కటైనా చెప్పగల ఉద్యోగి అడ్మిషన్ల ఆఫీసులో కూర్చోవాలి. జీతం రూపంలో ఇవ్వలేని డబ్బును ఫెలోషిప్ రూపంలో ఇవ్వాలి. ఈ విషయంలో మిత్రులనుకున్నవాళ్లే వెనక్కి తగ్గారు. కాగితాలు లేని విద్యార్థులను క్యాంపస్ ఉద్యోగాల్లోకి తీసుకునే ప్రతిపాదనను 2024 జనవరిలో కాలిఫోర్నియా యూనివర్సిటీ రీజెంట్లు, అంటే పాలకమండలి సభ్యులు, పక్కన పెట్టారు. అదే ఏడాది ఆ పని కోసమే శాసనసభ బిల్లు పాస్ చేస్తే గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. కాలిఫోర్నియాలోనే ఇలా ఉంటే, తమ పెద్ద యూనివర్సిటీల్లో వీళ్లకు సీటే ఇవ్వని జార్జియా గురించి చెప్పేదేముంది?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఈ చర్చలో తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన స్థానం ఉందని నా నమ్మకం. ఎందుకంటే ‘ఎవరు స్థానికులు’ అన్న ప్రశ్న మీద మనం కొట్టుకున్నంతగా కొట్టుకున్నవాళ్లు తక్కువ. నిజాం కాలపు ముల్కీ నిబంధన ప్రకారం ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే 15 ఏళ్లు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండాలి. దాని చుట్టూ 1969లో తెలంగాణ, 1972లో ఆంధ్ర భగ్గుమన్నాయి. ఎంతమంది పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు! చివరికి 1973లో ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణం వచ్చాయి. కాలేజీ సీట్ల కోసం 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఏం చెప్పింది? తండ్రి ఎక్కడివాడు, తాత ఎక్కడివాడు అని ప్రధానంగా అడగలేదు. అర్హత పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడే స్థానికుడు అంది. 85 శాతం సీట్లు ఆ లెక్క మీదే నింపారు.

బడిని బట్టి ఊరు. ఇంత రక్తం, ఇంత వాదన తర్వాత మనం చేరుకున్న చోటు ఇది. ఒక మనిషి ఏ నేలకు చెందుతాడో తేల్చడానికి ఇంతకంటే న్యాయమైన కొలబద్ద నాకు కనిపించలేదు. పిల్లాడు ఏ మైదానంలో ఆడాడు, ఏ టీచరు దగ్గర అక్షరాలు దిద్దాడు, ఎవరితో కలిసి పరీక్ష రాశాడు అన్నదే కదా అతని జీవితం. ఈ సూత్రం మనవాళ్లకూ కొన్నిసార్లు చేదుగా తగిలింది. ఇంటర్ కోసం విజయవాడకో, ఢిల్లీకో పంపిన హైదరాబాద్ తల్లిదండ్రులు మెడికల్ సీట్ల దగ్గర పిల్లలు స్థానికేతరులయ్యారని కోర్టుకెక్కారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తెలంగాణ నిబంధనే సరైనదంది. చేదైనా సూత్రం మాత్రం అదే. టెక్సస్ చట్టం అడిగిన మూడేళ్లు, మన ఉత్తర్వు అడిగిన నాలుగేళ్లు ఒకే ఆలోచన నుంచి పుట్టాయి.

మన ఇళ్లలో వినిపించే ఎదురుమాట నాకు తెలుసు. మేం హెచ్1బీ మీద వచ్చి ఏళ్ల తరబడి లైన్లో నిలబడ్డాం, లైన్ దాటి వచ్చినవాళ్లకు రాయితీలా అంటారు. హైదరాబాద్‌కు గుంటూరుకు మధ్య ఉన్నది రాష్ట్రాల గీత, దేశాల మధ్య ఉన్నది సరిహద్దు అని కూడా అంటారు. సరిహద్దు విషయం నిజమే, దాన్ని దాటిన పెద్దవాళ్ల సంగతి చట్టం చూసుకుంటుంది. కానీ నాలుగేళ్ల పిల్లాడు దేన్నీ దాటలేదు, అతన్ని దాటించారు. పన్ను డబ్బు మాట కూడా నిలబడదు. కాగితాలు లేనివాళ్లు 2022లో కట్టిన పన్నులు 9,670 కోట్ల డాలర్లని వాషింగ్టన్‌లోని పన్నుల అధ్యయన సంస్థ ఐటెప్ లెక్క తేల్చింది. ఆ ఫీజు రాయితీ కూడా వీళ్ల కోసం మాత్రమే పెట్టింది కాదు. కాలిఫోర్నియాలో మూడేళ్లు హైస్కూల్ చదివి, తర్వాత వేరే రాష్ట్రానికి వెళ్లిపోయిన పౌరుడికీ అదే ఫీజు దొరుకుతుంది. అందుకే 2010లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది.

లైన్‌లో నిలబడ్డామన్నవాళ్లు తమ పిల్లల వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే హెచ్4 వీసా మీద మూడేళ్లకే వచ్చిన పాప డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో పెరుగుతుంది. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి పుణ్యమా అని తండ్రి గ్రీన్‌కార్డు రాదు. పాపకు 21 నిండగానే డిపెండెంట్ హోదా పోతుంది. అప్పుడు విద్యార్థి వీసా ఎఫ్1కి మారాలి, లేదంటే దేశం వదలాలి. ఏజ్ అవుట్ అనే రెండు మాటలు ఎన్ని తెలుగు ఇళ్లలో నిద్ర లేకుండా చేస్తున్నాయో, ఎంత టెన్షన్ పెడుతున్నాయో నాకు తెలుసు. డాకా ఈ పిల్లలకు పనికిరాలేదు. కారణం, 2012 జూన్ 15న వాళ్ల దగ్గర కాగితాలు ఉండటం! పద్ధతిగా వచ్చినందుకే రక్షణ దక్కలేదు.

‘మేం లీగల్’ అన్న గీత ఎంత పలచనిదో మనకు ఇప్పటికే రెండుసార్లు తెలిసొచ్చింది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ప్రభుత్వమే వల వేయడానికి పెట్టిన దొంగ సంస్థ అని బయటపడింది. మొదట పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, అందులో చాలామంది తెలుగువాళ్లు. వాషింగ్టన్‌లోని మన రాయబార కార్యాలయం 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టాల్సి వచ్చింది. 2025 వసంతంలో వేలమంది అంతర్జాతీయ విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు చెప్పాపెట్టకుండా రద్దయ్యాయి. కొందరి మీద ఉన్నది ఎప్పుడో కొట్టేసిన చిన్న ట్రాఫిక్ కేసు. పొద్దున లేచేసరికి హోదా లేదు. కోర్టులు అడ్డుపడ్డాకే ఏప్రిల్ చివర్లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ కొన్ని వారాలు మన పిల్లలకు కావాల్సింది ఏమిటి? క్యాంపస్‌లో కాగితాలు లేని విద్యార్థుల కోసం కట్టిన అలాంటి ఆఫీసులే, అలాంటి లాయర్లే. వేరేవాళ్ల పిల్లల కోసమని కొందరు మూతి విరిచిన తలుపులే అవి.

అమెరికాలోని తెలుగు సంఘాలకు సభలు ఘనంగా జరపడం తెలుసు. ఆపద వస్తే చందాలు పోగేయడం కూడా తెలుసు, ఆ విషయంలో వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. ఈ పని కూడా వాళ్లే తలకెత్తుకోవాలి. టెక్సస్‌లో ఫీజు మూడింతలైన పిల్లలకు, వాళ్లది ఏ భాషైనా సరే, ఒక సెమిస్టరు అంతరం పూడ్చే నిధి పెట్టండి. మన లాయర్లు నెలకో శనివారం ఏదైనా కమ్యూనిటీ కాలేజీలో ఉచితంగా కూర్చోవాలి. ఇంకొకటి ఈ రోజే చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. మీ సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తు తెరిచి చూడండి. పౌరసత్వం, వీసా హోదా అని ఒక గడి ఉంటే కొట్టేయండి. ఆ చోట, ఏ హైస్కూల్లో ఎన్నేళ్లు చదివారు అని రాయండి.